పాత కారు ఇంజను పునర్నిర్మాణం: ఏ భాగం ఉంచాలి, ఏ భాగం మార్చాలి

ప్రస్తావన

నాలుగు స్ట్రోకుల ఇంజను ఎలా పనిచేస్తుందో మీరు ఇంతకు ముందు పాఠాల్లో చదివారు. పూర్తిగా విప్పేసిన ఒక పాత ఇంజను ముందు కూర్చున్నప్పుడు ఎలా ఆలోచించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. విప్పడం పెద్ద విద్య కాదు. పానాలు, ఓపిక ఉంటే ఎవరైనా విప్పగలరు. భాగాలన్నీ కిరసనాయిలుతో కడిగి గోనెపట్ట మీద పరిచాక అసలు ప్రశ్న మొదలవుతుంది: దీన్ని మళ్ళీ వాడదామా, కొత్తది వేద్దామా? ఈ ప్రశ్న ఒక్కసారి కాదు, ఒక్కో భాగం దగ్గర ఒక్కోసారి ఎదురవుతుంది.

మెకానిక్ అంగళ్ళలో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. "అన్నీ కొత్తవి వేసేయండి సార్, తలనొప్పి ఉండదు" అనేది ఒకటి. "ఇది బాగానే ఉంది, పాత సరుకు, ఇలాంటిది ఇప్పుడు దొరకదు" అనేది రెండోది. రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకునే జవాబులే. రెండోదాన్ని నమ్మి నేను ఒకసారి బాగా నష్టపోయాను. ఆ అనుభవాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

ఉదాహరణ: రామసముద్రంలోని అంబాసిడర్

మా మేనమామ 1978లో కొన్న అంబాసిడర్ కారు రామసముద్రంలో ఉండేది. ఆయన తర్వాత అది నా చేతికి వచ్చింది. అంబాసిడర్ గురించి మీకు కొంత తెలిసే ఉంటుంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర దాని తయారీ ప్రారంభించింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే వరకు అది తయారైంది. మా కారులో ఉన్నది బి.ఎం.సి. సంస్థ రూపొందించిన బి-శ్రేణి పెట్రోలు ఇంజను. దానికి నాలుగు సిలిండర్లు, మూడు మెయిన్ బేరింగులు. సిలిండరు వ్యాసం 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. వీటితో ఘనపరిమాణం లెక్కగట్టి చూడండి, 1489 ఘన సెం.మీ. వస్తుంది.

1996లో ఈ ఇంజనుకు మొదటిసారి పూర్తి పని చేయించాను. మదనపల్లెలో క్రాంక్‌షాఫ్టు గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగు షెల్స్ వేసి, కొత్త ప్యాకింగులతో బిగించాం. ఆయిల్ పంపును చేత్తో తిప్పి చూశాను. నున్నగా తిరిగింది. "ఇది ఉండనీలే" అన్నాను. క్రాంక్‌షాఫ్టు లోపల ఆయిల్ పోయే సన్నని రంధ్రాలను తీగతో పొడిచి శుభ్రం చేయించాలన్న ధ్యాస కూడా రాలేదు. ఆరువందల కిలోమీటర్లు తిరిగాక పుంగనూరు నుంచి రామసముద్రం వస్తుంటే ఇంజను అడుగు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఇల్లు చేరాలన్న ఆత్రంలో ఆపలేదు. విప్పి చూస్తే మూడో కనెక్టింగ్ రాడ్ బేరింగు కరిగి, క్రాంక్‌షాఫ్టును గీరేసి ఉంది. గ్రైండింగ్ చేసిన పొడి రంధ్రాల్లో మిగిలిపోవడమా, అరిగిన పంపా, ఏది ముఖ్య దోషి అని ఇప్పటికీ తేల్చి చెప్పలేను. రెండు తప్పులూ నావే.

ఆ తప్పు ఖరీదు డబ్బులో కొలవలేనిది. ఎందుకో చూద్దాం.

లోహం ఒక నిల్వ వంటిది

క్రాంక్‌షాఫ్టు అరిగినప్పుడు దాని జర్నళ్ళను, అంటే బేరింగులో తిరిగే గుండ్రని భాగాలను, సానబట్టి కొంచెం సన్నం చేస్తారు. ఆ మేరకు మందంగా ఉండే షెల్స్ వేస్తారు. ఈ సన్నం చేయడం ఇష్టమొచ్చినంత కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టు అంగుళంలో వెయ్యింట పది వంతులు, అంటే 0.254 మి.మీ. లేత్ షాపులో వీటిని టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ అంటారు. ఈ ఇంజనుకు దొరికే షెల్స్ ఫార్టీతో ఆగిపోతాయి. కాబట్టి కొత్త క్రాంక్‌షాఫ్టు అంటే నాలుగుసార్లు మాత్రమే డబ్బు తీయడానికి వీలున్న బ్యాంకు ఖాతా అనుకోండి.

మా మేనమామ హయాంలోనే అది ట్వంటీకి వెళ్ళింది. 1996లో నేను థర్టీ చేయించాను. ఆరువందల కిలోమీటర్ల తర్వాత ఫార్టీ. ఎన్నో ఏళ్ళు నడవవలసిన ఒక మెట్టును ఒక ఆయిల్ పంపు ధర మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నాను. ఇక ఆ ఖాతాలో ఏమీ లేదు.

రెండేళ్ళ క్రితం ఇంజను నీలిపొగ వదులుతూ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. మళ్ళీ విప్పాం. ఈసారి కొలవకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ముందే అనుకున్నాను.

క్రాంక్‌షాఫ్టు: ఉంచాలా?

జర్నలును మైక్రోమీటరుతో రెండు లంబ దిశల్లో కొలుస్తారు. రెండు కొలతల మధ్య తేడాను అండాకృతి అంటారు. ఈ పరిమాణం గల జర్నళ్ళకు అండాకృతి సుమారు 0.025 మి.మీ. దాటితే గ్రైండింగ్ అవసరమని వర్క్‌షాపుల్లో సాధారణంగా పాటించే లెక్క. మీరు పనిచేసే ఇంజనుకు తయారీదారు మాన్యువల్ ఉంటే దానిదే చివరి మాట.

మా ఇంజనులో అన్నిటికన్నా ఎక్కువ అరిగిన రాడ్ జర్నలు ఒక దిశలో 46.632 మి.మీ., దానికి లంబంగా 46.624 మి.మీ. ఉంది. తేడా 0.008 మి.మీ. మాత్రమే. పైన సన్నని గీతలు కనిపించాయి. గోరుతో గీస్తే తగలలేదు. గోరుకు తగలని గీత సన్నని పాలిష్ పట్టీతో పోతుంది.

కొలతకు దొరకని లోపం ఒకటి ఉంటుంది, అది పగులు. జర్నలు పక్క గోడను కలిసే మూలలో ఉండే గుండ్రదనం దగ్గరే పగుళ్ళు ఎక్కువగా మొదలవుతాయి. అయస్కాంత పరీక్ష చేసే సదుపాయం ఉంటే అదే మేలు. లేకపోతే పాత పద్ధతి ఒకటుంది. క్రాంక్‌షాఫ్టును కిరసనాయిలులో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి పట్టించి కాసేపు వదిలేయండి. పగులు ఉంటే అందులో దాగిన నూనె ఊరి సుద్ద మీద సన్నని తడి గీతగా కనబడుతుంది. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టినా తెలుస్తుంది. బాగున్నది గుడిగంటలా మోగుతుంది, పగిలినది చిట్లిన కుండలా బొంగురుగా పలుకుతుంది. అయితే సన్నని పగులును ఈ చప్పుడు పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. అందుకే సుద్ద పరీక్ష కూడా చేయాలి.

మా క్రాంక్‌షాఫ్టు రెండు పరీక్షల్లోనూ నిలబడింది. పాలిష్ మాత్రమే చేయించి ఉంచేశాం. "ఎలాగూ విప్పారు కదా, ఒకసారి గ్రైండింగ్ చేయించేస్తే పోతుంది" అని సలహా ఇచ్చినవారు ఉన్నారు. ఫార్టీ తర్వాత మెట్టు లేదని వారికి తట్టలేదు. లోహం పోసి మళ్ళీ లావు చేసే పద్ధతులు ఉన్నా, పోసిన లోహం గట్టిగా పట్టి ఉంటుందా అన్న సందేహం మనతో పాటే ప్రయాణిస్తుంది.

బేరింగు షెల్స్, ఆయిల్ పంపు: మార్చక తప్పదు

క్రాంక్‌షాఫ్టును ఉంచినంత మాత్రాన షెల్స్ కూడా ఉంచవచ్చా? ఉంచకూడదు. కారణం భౌతికశాస్త్రంలో ఉంది.

జర్నలుకూ షెల్‌కూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. జర్నలు వ్యాసంలో వెయ్యో వంతు అనేది స్థూలమైన లెక్క. ఈ ఇంజనులో అది దాదాపు 0.05 మి.మీ. ఆ ఖాళీలో ఆయిల్ పొర మీద జర్నలు తేలుతూ తిరుగుతుంది. ఇరుకైన సందులోంచి ద్రవం ప్రవహించే పరిమాణం ఆ సందు వెడల్పు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఖాళీ 0.05 నుంచి 0.10 మి.మీ.కి పెరిగితే, అంటే రెండింతలైతే, అదే పీడనం వద్ద పక్కలనుంచి కారిపోయే ఆయిల్ రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. పంపు మాత్రం ఒక్కో చుట్టుకు ఇంత అనే ఇస్తుంది. అందువల్ల వేడెక్కిన ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ పీడనం కూలిపోతుంది. కుళాయిలు ఎక్కువైన వీధిలో చివరి ఇంటికి నీళ్ళు రాని సంగతి మీకు తెలిసిందే కదా.

ఇప్పుడు 1996 నాటి నా తప్పు మీకు స్పష్టంగా కనిపించాలి. ఆయిల్ పంపు చిన్న భాగం. కానీ అది కాపాడేది ఇంజనులోని అతి విలువైన భాగాన్ని. ఒక భాగం ధర ఎంత అని కాక, అది విఫలమైతే తనతో పాటు దేన్ని లాక్కుపోతుంది అని అడగాలి. షెల్స్, ఆయిల్ పంపు, టైమింగ్ చైను, నీటి గదుల పక్కన కొట్టి ఉండే రేకు మూతలు, ప్యాకింగులు, సీళ్ళు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇవి చూడటానికి బాగున్నా మార్చేయండి. ఈసారి పంపు కొత్తది వేశాం. క్రాంక్‌షాఫ్టు రంధ్రాలను తీగ బ్రష్‌తో మూడుసార్లు కడిగాం. మూడోసారి కూడా కొంచెం నల్లటి మడ్డి వచ్చింది!

కనెక్టింగ్ రాడ్ బోల్టులు కూడా మార్చాం, కాకపోతే కారణం వేరు. కారు గంటకు 40 కి.మీ. చొప్పున, ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరుగుతూ లక్ష కిలోమీటర్లు నడిచిందనుకోండి. అది 2500 గంటలు. ఆ కాలంలో క్రాంక్‌షాఫ్టు 37.5 కోట్ల చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ బోల్టుల మీద లాగుడు ఒకసారి పెరిగి తగ్గుతుంది. ఇలా పడే భారంతో లోహం లోలోపల బలహీనపడటాన్ని లోహపు అలసట అంటారు. అరుగుదలను మైక్రోమీటరు చూపిస్తుంది. అలసటను అది చూపించలేదు. బోల్టు తెగితే రాడ్ సిలిండరు దిమ్మనే చీల్చుకుని బయటికి వస్తుంది. రాడ్లను మాత్రం వంకర లేదని సరిచూసి పాతవే ఉంచాం.

సిలిండరు: బోరు కొట్టించాలా?

మన ప్రాంతంలో బోరు అనగానే నేలలోకి వేసేదే గుర్తుకొస్తుంది. మెకానిక్కులు ఇంజను "బోరుకొచ్చింది" అంటే సిలిండరు అరిగి, దాన్ని పెద్దది చేయవలసి వచ్చిందని అర్థం. దీనికీ మెట్లున్నాయి. క్రాంక్‌షాఫ్టు సన్నబడుతూ పోతే సిలిండరు వెడల్పవుతూ పోతుంది.

సిలిండరు అంతటా సమానంగా అరగదు. పిస్టను పైకి చేరినప్పుడు మొదటి రింగు నిలిచే చోట అరుగుదల ఎక్కువ. అక్కడ మంట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. రాడ్ ఏటవాలుగా ఉండటం వల్ల పిస్టను ఒక పక్క గోడను ఎక్కువగా ఒత్తుతుంది. కాబట్టి క్రాంక్‌షాఫ్టు అక్షానికి లంబమైన దిశలో ఎక్కువగా అరుగుతుంది.

మా ఇంజను ట్వంటీ సైజులో ఉంది, అంటే అరగని వ్యాసం 73.533 మి.మీ. మూడో సిలిండరులో పైభాగాన ఒత్తిడి దిశలో 73.64, దానికి లంబంగా 73.59, అడుగున 73.55 మి.మీ. వచ్చాయి. అండాకృతి 0.05, పైకీ కిందికీ తేడా, అంటే వాలు, 0.09 మి.మీ. అరుగుదల మొత్తం 0.1 మి.మీ. దాటింది. రింగులు మాత్రమే మార్చి సరిపెట్టుకునే హద్దు సుమారుగా అక్కడే ఉంటుంది. పైగా పైభాగంలో గోరుకు తగిలే గట్టు ఏర్పడింది. ఆ గట్టును అలాగే ఉంచి కొత్త రింగు వేస్తే దాని పదునైన అంచు గట్టుకు కొట్టుకుని రింగు విరుగుతుంది. అందుకే థర్టీకి, అంటే 73.787 మి.మీ.కి బోరు కొట్టించాం. ఒక్క సిలిండరే హద్దు దాటినా నాలుగూ ఒకే సైజుకు తేవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. థర్టీ సైజు పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించండి. మేము బెంగుళూరు జె.సి. రోడ్డులో వెతికి, పిస్టన్లు తెచ్చి, వాటిని కొలిచి, ఆ కొలత ప్రకారమే పని అప్పగించాం. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ల కోసం ఊళ్ళు తిరిగినవారిని నేను చూశాను.

బోర్ గేజీ లేని ఊళ్ళో ఏం చేయాలి? ఒక రింగు, ఒక ఫీలర్ గేజీ చాలు. రింగును సిలిండరులో అడుగున అడ్డంగా నిలిపి దాని కొసల మధ్య సందు కొలవండి. తర్వాత పైకి, గట్టుకు కొంచెం కిందికి జరిపి మళ్ళీ కొలవండి. వ్యాసం పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది కాబట్టి, రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే వాలు వస్తుంది. మా మూడో సిలిండరులో అడుగున 0.35, పైన 0.55 మి.మీ. వచ్చింది. 0.20ని 3.14తో భాగిస్తే దాదాపు 0.064 మి.మీ. బోర్ గేజీ చూపిన 0.09 కన్నా ఇది తక్కువ ఎందుకు? రింగు చుట్టుకొలతను కొలుస్తుంది, అంటే సగటు వ్యాసాన్నే చెబుతుంది, అండాకృతిని దాచేస్తుంది. కాబట్టి ఈ పద్ధతి "బోరు కొట్టించాలి" అంటే నమ్మండి. "అవసరం లేదు" అంటే మాత్రం బోర్ గేజీ ఉన్న చోటికి తీసుకెళ్ళండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక సిలిండరులో రింగు సందు అడుగున 0.25 మి.మీ., పైన 0.72 మి.మీ. ఉంది. వాలు ఎంత? రింగులు మాత్రమే మారిస్తే సరిపోతుందా?

జంటలను విడదీయరాదు

క్యామ్‌షాఫ్టు, టాపెట్లు మేము పాతవే వాడాం. వాటి ముఖాలు గుంటలు లేకుండా ఉన్నాయి. కానీ విప్పేటప్పుడే ఎనిమిది టాపెట్లను కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టి అంకెలు రాశాం. ఏళ్ళ తరబడి ఒక టాపెట్ ఒకే క్యామ్‌తో రాసుకుని దానికి అలవాటు పడి ఉంటుంది. తారుమారు చేస్తే రెండూ పాడవుతాయి. కొత్త క్యామ్‌షాఫ్టు వేస్తే టాపెట్లు కూడా కొత్తవే వేయాలి. మెయిన్ బేరింగు టోపీలు, రాడ్ టోపీలు కూడా అంతే. ఒకదానిది ఇంకొకదానికి బిగించరాదు.

అరగకపోయినా మార్చవలసినవి

ఇన్‌టేక్ వాల్వులను లాపింగ్ చేసి పాతవే ఉంచాం. ఎగ్జాస్ట్ వాల్వుల అంచు పలచబడింది. అది మిల్లీమీటరు కన్నా తక్కువైతే కాలిపోవడం ఖాయం, అందుకే మార్చాం. ఇది మామూలు లెక్కే. మరికొన్ని భాగాల సంగతి వేరు. వాటిలో లోపం లేకపోయినా వాటి చుట్టూ ఉన్న లోకం మారిపోయింది.

ఈ ఇంజనులో వాల్వు సీట్లను పోత ఇనుప హెడ్డులోనే నేరుగా కోసి ఉంటారు. ఆ రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. అది సీట్ల మీద పలచని పొరగా నిలిచి వాటిని కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. గట్టి వేగంతో ఎక్కువ దూరాలు నడిపితే ఎగ్జాస్ట్ సీటు క్రమంగా హెడ్డులోకి దిగిపోతుంది. హెడ్డు ఎలాగూ లేత్ షాపులో ఉంది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి ఉక్కు సీట్లు అమర్పించాం. ఊళ్ళో నెమ్మదిగా తిరిగే కారైతే ఈ ఖర్చు వాయిదా వేసుకున్నా తప్పు లేదు.

ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని రబ్బరు పొర దానికి ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. మా దగ్గర వాడని పాత కాలపు గొట్టం ఒకటి కవరులోనే ఉంది. దాన్ని వేయలేదు. ఇథనాలును తట్టుకునే గొట్టాలు కొన్నాం. పెట్రోలు కారితే పోయేది ఇంజను ఒక్కటే కాదు.

నీటి గదుల్లోంచి తెల్లటి పెంకు ముక్కలు చాలా వచ్చాయి. ఏళ్ళ తరబడి రేడియేటరులో బోరునీళ్ళు పోసిన ఫలితం. పెంకు కట్టిన చోట వేడి బయటికి పోదు. కడిగిన తర్వాత కూలెంట్ పోస్తున్నాం.

కొత్త భాగాన్ని కూడా కొలవాలి

కొత్తది కాబట్టి మంచిదే అన్న నమ్మకం వద్దు. మేము మొదట తెచ్చిన పిస్టన్ల సెట్టులో ఒకటి మిగతా మూడింటికన్నా తొమ్మిది గ్రాములు బరువుంది. కిరాణా అంగడి త్రాసులోనే తేలింది. మార్పించుకున్నాం. పాత భాగం మంచిచెడ్డలు దాని మీద అరుగుదల రూపంలో రాసి ఉంటాయి. కొత్త భాగానికి ఆ చరిత్ర లేదు.

"ఇంత శ్రమ ఎందుకు, గుజిరీలో ఇంకో ఇంజను కొని పెట్టేయవచ్చు కదా" అని మీరు అడగవచ్చు. ఇంజను నంబరు ఆర్.సి.లో ఉంటుంది. మారిస్తే రవాణా శాఖలో నమోదు మార్పించుకోవాలి. ఇంకో కారణం ఉంది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నియమాలకు తెచ్చిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. మా కారుకు 2028లో యాభై నిండుతాయి. అప్పటికి దాని సొంత ఇంజను దానిలో ఉండాలన్నది నా కోరిక. ఫార్టీ సైజులో మిగిలి ఉన్న ఆ క్రాంక్‌షాఫ్టు మీదే అది ఆధారపడి ఉంది.

బాగుచేయకుండా వదిలేసినది

ఈ ఇంజనులో క్రాంక్‌షాఫ్టు వెనుక కొసన రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద కోసిన మర వంటి గాడి, బయటికి వచ్చే ఆయిలును తిరిగి లోపలికి నెడుతుంది. ఇంజను ఆగితే గాడి కూడా ఆగుతుంది, అప్పుడు కొంచెం ఆయిల్ కారుతుంది. దీనికి రబ్బరు సీలు బిగించే పద్ధతులు ఉన్నాయి. కొన్నిటికి క్రాంక్‌షాఫ్టు కొసను చెక్కవలసి ఉంటుంది. ఆ ఒక్క షాఫ్టు మీద ఇంకెవరి పనిముట్టూ పడటం నాకిష్టం లేకపోయింది. రాత్రికి మూడు నాలుగు చుక్కలు పడతాయి. కారు నిలిపే చోట పాత రేకు ముక్క ఒకటి వేసి ఉంచాను.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబు

సందుల తేడా 0.47 మి.మీ. దీన్ని 3.14తో భాగిస్తే వాలు దాదాపు 0.15 మి.మీ. రింగులు మాత్రమే మారిస్తే సరిపోదు, బోరు కొట్టించాలి.